ఓదెల మొక్కు

గోదావరిఖని,
జూన్ 16.

ప్రభువునందు ప్రియమైన అక్క శోభకు, నీ తమ్ముడు లింగమూర్తి వందనములతో వ్రాయునది.

ఇక్కడ నేను, రాజకుమారి, పాప సహస్ర దేవుని కృప వలన క్షేమం. కాసిపేటలో నువ్వు, బావ, అవ్వ క్షేమమని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటి అనుకుంటావు. ఫోన్ చేస్తే అవ్వ మాట్లాడదు. నువ్వు మాట్లాడితే ఇద్దరం అరుచుకుంటాం, ఎవరో ఒకరం కట్ చేస్తాం. కాగితాన్ని మధ్యలో కట్ చేయలేవు కదా, చివరిదాకా చదువుతావని రాస్తున్నాను.

ఏప్రిల్‌లో నేను బాప్తిస్మం తీసుకున్నానని రాజకుమారి చెప్పే ఉంటుంది. ఎలా జరిగిందో ఎవరూ చెప్పి ఉండరు. ఎండలకు గోదావరి నీళ్లు బాగా లోపలికి పోయాయి. మనిషి మునిగేంత లోతు కోసం ఇసుకలో చాలా దూరం నడిచాం, అరికాళ్లు బొబ్బలెక్కాయి. పాస్టరు గారు ఒక చేత్తో వీపు పట్టి, ఒక చేత్తో నా ముక్కు మూసి వెనక్కి ముంచారు. బొగ్గు బాయిలో పనిచేసేవాడికి చీకటి కొత్త కాదు. అయినా రోజూ బాయిలో దిగేటప్పుడు మళ్లీ పైకి వస్తానో రానో అనుకుంటాను. ఆ నీళ్ల కింద మాత్రం ఏ భయమూ లేదు. పైకి లేచి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నలభై దాటినవాడు కొత్తగా పుట్టానంటే నీకు నవ్వొస్తుంది, నవ్వుకో. నాకు నిజంగా అలాగే ఉంది.

క్రిస్మస్ నుంచి చుక్క ముట్టలేదు. డ్యూటీకి ఒక్క నాగా లేదు. పోయినేడు నాగాలు పెరిగి ఉద్యోగం ఊడేలా ఉంటే నువ్వే వచ్చి ఆఫీసులో అందరినీ బతిమాలావు. ఇప్పుడు సహస్ర లెక్కల పుస్తకం పట్టుకుని నా పక్కన కూర్చుంటుంది. ఇదివరకు నేను గుమ్మంలోకి వస్తే లోపలి గదిలోకి పోయేది.

ఇంత మంచి జరిగితే అవ్వకు ఏమైంది? నేను తాగి రోడ్డు మీద పడి ఉన్నప్పుడు లేపి తెచ్చి ఒళ్లు కడిగిన కన్నతల్లి, నేను మానేశాక నాతో మాట మానేసింది. ఇదేం న్యాయమో కనుక్కుని రాయి.

ప్రభువు సేవలో,
నీ తమ్ముడు.


కాసిపేట,
జూన్ 27.

తమ్ముడు లింగమూర్తికి,

"వందనములతో వ్రాయునది" అని చదివి మీ బావ, ఇది ఎవరిదో మనింటికి వచ్చిందని పోస్ట్‌మన్‌ని వెనక్కి పిలవబోయాడు. పదో తరగతిలో తెలుగు పరీక్ష తప్పినవాడివి, ఇంత తెలుగు ఎవరు నేర్పారు? నేను అంగన్‌వాడీలో ఇన్నేళ్లుగా పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను, నాకే రాదు.

నువ్వు మానేశావని నాకు సంతోషం లేదనుకోకు. రాజకుమారి మొదటిసారి ఫోన్లో చెప్పిన రోజు నేను పొయ్యి మీద కూర మాడబెట్టుకుని నిలబడి ఏడ్చాను.

అవ్వ మొక్కు సంగతి తెలియనట్టు రాశావు. మళ్లీ చెబుతాను. నువ్వు ఆ వానాకాలం రోడ్డు పక్క మురికి మోరీలో పడి తెల్లవార్లూ ఉండిపోయినప్పుడు, అవ్వ ఓదెల మల్లన్నకు మొక్కుకుంది. "నా కొడుకు తాగుడు మానితె వాన్నే తోల్కొచ్చి వాని తలనీలాలు ఇప్పిస్త, నీ ముందట పట్నం ముగ్గు ఏపిస్త." పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుని గూట్లో పెట్టింది. నువ్వు మానావు. ఇక ఆమె లెక్కలో మల్లన్న తన పని చేశాడు, మనం చేయలేదు. నువ్వు రాకుండా ఆ మొక్కు తీరదు. రానని జనవరిలోనే చెప్పావు.

అయినా అప్పుడు నీతో మాట్లాడుతూనే ఉంది కదా. మాట మానేసింది మేలో. ఎందుకో నీకు చెప్పవద్దనుకున్నాను. న్యాయం అడిగావు కాబట్టి చెబుతున్నాను.

మీ ప్రార్థన కూటంలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పావు. ఎవరో ఫోన్‌లో తీశారు. అది ఆ గ్రూపులో ఈ గ్రూపులో తిరిగి మా పక్కింటి సారక్కకు వచ్చింది. సారక్క మంచి మనసుతోనే, "నీ కొడుకు మైకుల మాట్లాడుతుండు, సూడు ఐలవ్వా" అని పరుగెత్తుకొచ్చింది. కొడుకు నలుగురిలో మాట్లాడుతున్నాడని అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది. నువ్వన్న మాట ఇది: "మా అవ్వ నా కోసం రాళ్లకు మొక్కింది, రప్పలకు మొక్కింది. ఒక్క రాయి గూడ పలుకలె." అందరూ చప్పట్లు కొట్టారు.

అవ్వ ఫోన్ తిరిగి సారక్క చేతిలో పెట్టి లోపలికి పోయి పడుకుంది. అప్పటి నుంచి ఇంట్లో ఏ ఫోన్ మోగినా లేచి దొడ్లోకి పోతుంది. నాతో ఒకటే మాట అంది: "మొక్కు దీర్చ వస్తనంటెనే నా గడప తొక్కుమను."

మీ అక్క,
శోభ.


గోదావరిఖని,
జూలై 15.

అక్క శోభకు,

నీ ఉత్తరం రాజకుమారి చదివి నాకు ఇచ్చి వంటింట్లోకి పోయింది.

ఆ మాట అన్నాను. అవ్వ వింటుందనుకోలేదు. అది తప్పించుకోవడానికి చెప్పేది కాదు, ఎలా జరిగిందో చెబుతున్నాను. సాక్ష్యం చెప్పేవాళ్లందరూ పాత బతుకు ఎంత చీకటిగా చెబితే కొత్త బతుకు అంత వెలుగుగా కనబడుతుంది. నేనూ అదే పద్ధతిలో చెప్పుకుంటూ పోయాను. చప్పట్లు వినబడుతుంటే నోరు ఆగలేదు. నా పాత బతుకులో చెడ్డవాడిని నేనొక్కడినే. అవ్వను ఎందుకు లాగానో నాకే తెలియదు.

మొన్న రాత్రి షిఫ్టు దిగి అటు నుంచి అటే కాసిపేట వచ్చాను. నువ్వు అంగన్‌వాడీలో ఉన్నావు. అవ్వ తలుపు వేసుకుంది. నీకు చెప్పిందో లేదో. తలుపు ఇవతల నిలబడి, తప్పైంది అవ్వా అన్నాను. లోపలి నుంచి మాట వచ్చింది.

"ఓదెలకు వస్తవా?"

"రాను అవ్వా."

"అయితె పో."

నేను మెట్టు దిగాక, "తిన్నవా?" అంది. తిన్నానని అబద్ధం చెప్పాను. తినలేదంటే తలుపు తీయాల్సి వస్తుంది, తీస్తే ఆమె మాట పోతుంది. ఆమె మాట పోగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

అక్కా, ఇంకేదైనా అడగమను. నా దగ్గర వచ్చి ఉండమను, కాళ్లు ఒత్తుతాను. గంజి కాచి తాగించమంటే తాగిస్తాను. ఆ ఒక్కటి అడగవద్దని చెప్పు. ఒకసారి ప్రభువు చేతిలో పెట్టిన తల ఇంకో చోట వంచడం నా వల్ల కాదు.

నీ తమ్ముడు,
లింగమూర్తి.


కాసిపేట,
ఆగస్టు 20.

లింగమూర్తీ,

నువ్వు వచ్చినట్టు అవ్వ నాకు చెప్పలేదు. కానీ ఆ రోజు నేను ఇంటికి వచ్చేసరికి తనొక్కతే తినే పూట ఇద్దరికి సరిపడా అన్నం వండి, మూత పెట్టి, ఎదురుగా కూర్చుని ఉంది. ఎవరికి అంటే కసిరింది. ఇప్పుడు అర్థమైంది.

నేను ఒక ఉపాయం ఆలోచించాను. కోపం రాకుండా చదువు. నువ్వు ఎలాగూ నెలకోసారి సలూన్‌కు పోతావు కదా. ఈసారి నున్నగా గీయించుకో, చుండ్రు పట్టిందని చెప్పు. ఆ వెంట్రుకలు ఒక కవర్లో పెట్టి రాజకుమారి చేత పంపు. నేను అవ్వను తీసుకుని ఓదెల పోతాను. తమ్ముడికి సెలవు దొరకలేదు, తల మాత్రం పంపాడు అని అక్కడ ఇప్పిస్తాను. నువ్వు గుడి ముఖం చూడనక్కర లేదు, దండం పెట్టనక్కర లేదు. వెంట్రుకలకు మతం ఏముంటుంది? కింద పడితే మీ సలూన్‌వాడు ఊడ్చి పారేస్తాడు. అవే మన అవ్వ ప్రాణం కుదుటపరుస్తాయి.

అవ్వ ఒప్పుకుంటుందా అని అడగకు. ఒప్పిస్తాను. మొక్కు మొక్కింది ఆమె అయినా ఆమె గొడవ పడుతున్నది నాతో, దేవుడితో కాదు. రోజూ వినేది నేను. పొద్దున లేస్తే ఓదెల, పడుకుంటే ఓదెల. మీ ఇద్దరి మధ్య నా ఇల్లు రైల్వే గేటులా అయింది, ఎటు నుంచి ఎవరు వచ్చినా నేనే పడి లేవాలి.

పాస్టరు గారిని మాత్రం అడగకు. అడిగితే కాదనే అంటారు. ఆయనను ఎందుకు ఇబ్బంది పెట్టడం.

శోభ.


గోదావరిఖని,
అక్టోబర్ 19.

అక్కా,

ఇన్నాళ్లు జవాబు రాయలేదు. నువ్వు చెప్పినట్టే చేద్దామని సలూన్ దాకా పోయాను, కుర్చీలో కూర్చున్నాను కూడా. గుడ్డ కప్పాక లేచి వచ్చేశాను. పాస్టరు గారిని అడగలేదు. ఆయన గురించి కాదు ఇది.

ఇప్పటిదాకా నీకు రాసినవన్నీ ధైర్యంగా రాశాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. రాజకుమారికి కూడా చెప్పలేదు, చెప్పకు.

దసరాకు ముందు బోనస్ పడిన రోజు రెండో షిఫ్టులో ఉన్నాను. నాతో పనిచేసే శివ తెలుసు కదా, తాగుడులో పాత జోడీ. వాడు దావత్ అన్నాడు. వద్దన్నాను. తోడుగా రా, నువ్వు తాగకు, మిర్చి తిను అన్నాడు. వైన్స్ దాకా పోయాను. వాడు అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతుంటే సీసా నా చేతిలోకి వచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలియదు. మూత తిప్పిన చప్పుడు విన్నాను. ఆ వాసన వచ్చింది అక్కా. ఇన్ని నెలల ప్రార్థన, పాటలు, బాప్తిస్మం, సహస్ర, ఏవీ గుర్తు రాలేదు. ప్రభువా అని ఒక్క మాట మాత్రం నోట్లోకి వచ్చింది. దాన్నే పట్టుకుని పదిసార్లు అనుకుంటూ సీసా అక్కడ పెట్టి ఇంటికి నడిచాను. దారిలో కక్కుకున్నాను, ఏమీ తాగకుండానే.

కొత్తగా పుట్టానని రాశాను. పుట్టాను, అబద్ధం కాదు. కానీ పాతవాడు చావలేదు. పక్కనే కూర్చుని ఉన్నాడు, ఎప్పుడు పిలుస్తానా అని చూస్తున్నాడు. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాట. ఓదెల పోయి తల ఇస్తే, లేదా కవర్లో పంపి అవ్వను మోసం చేస్తే, ఆ మాట రేపు మళ్లీ నోట్లోకి వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోతే నేను మోరీలోనే ఉంటాను. నాకు మల్లన్న మీద కోపం లేదు. నాకున్నది భయం.

అవ్వకు ఇది ఎలా చెప్పాలో నాకు రాదు. నీకు వస్తే చెప్పు.

లింగమూర్తి.


కాసిపేట,
జనవరి 28.

తమ్ముడూ,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నవంబర్లో అవ్వకు బాగా లేదని నీకు చెప్పలేదు. గుండె వాచింది అన్నారు. మంచిర్యాల దవాఖానలో ఉంచాం. నీకు చెబుతానంటే వద్దని నా చేతి మీద ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, కానీ నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒట్టు తప్పి రాస్తున్నాను.

దవాఖానలో ఒక రోజు నేను విసిగిపోయి అడిగాను. వాడు మానాడు కదా అవ్వా, ఎవరి పేరు మీద మానితే ఏంది, ఇంకా ఎందుకు పట్టు పడతావు అని. అప్పుడు చెప్పింది. "పట్టు గాదు బిడ్డా. ఇచ్చినోడు మల్ల గుంజుకుంటడేమోనని నా భయం. నేను మొక్కు దీర్చకుంట సస్తె వాడు మల్ల తాగుతడు. మోరీలకెల్లి ఎవరు లేపుతరు?"

విన్నావా? నువ్వు ఓదెల పోతే మళ్లీ తాగుతానేమోనని భయపడుతున్నావు. ఆమె నువ్వు పోకపోతే మళ్లీ తాగుతావేమోనని భయపడుతోంది. ఇద్దరి భయం ఒకటే. మధ్యలో నేను ఎవరికి సర్ది చెప్పాలి? ఇంటికి తెచ్చాక, నువ్వు చెప్పమన్నట్టు ఆమెకు నీ భయం చెప్పాను, వైన్స్ సంగతి తప్ప. గూట్లో ముడుపు వైపు చూసింది. "అయితె వాన్ని గుంజొద్దు" అంది. నేను దిగులు తీరిందనుకున్నాను. తీరలేదు.

మొన్న లేచి చెప్పింది, నీ బదులు తనే తల ఇస్తుందట. కొడుకు ఇవ్వాల్సిన చోట తల్లి ఇస్తే మల్లన్న కాదనడట. ఈ ఆదివారమే పోవాలట. డాక్టర్ ఆ ప్రయాణం వద్దన్నాడు. మీ బావ వద్దన్నాడు. నేను కాళ్లు పట్టుకున్నాను. మంచిర్యాల నుంచి పాసింజర్‌లో పోతామని చెప్పి బట్టలు సర్దుకుని కూర్చుంది. నేను తీసుకుపోకపోతే ఒక్కతే పోతుంది, ఆమె సంగతి నీకు తెలుసు.

నిన్ను రమ్మని రాయడం లేదు. రావద్దనీ రాయడం లేదు. ఆదివారం మీకూ చర్చి ఉంటుంది. నాకు ఏం చేయాలో తెలియక నీకు చెబుతున్నాను, అంతే.

శోభ.


కాసిపేట,
ఫిబ్రవరి 8.

తమ్ముడూ,

ఆదివారం నువ్వు గుడి కమాను బయటే ఉండిపోయావు. లోపల ఏం జరిగిందో నువ్వు చూడలేదు. అవ్వ నీకు చెప్పదు. అందుకే రాస్తున్నాను.

రైల్లో నా భుజం మీద పడుకుని వచ్చింది. పెద్దపల్లి దాటాక లేచి, "చర్చోళ్లు వానికి కొత్త పేరు పెట్టిండ్రట గదా, ఏందది?" అంది. ఇన్నాళ్లు ఆ పేరు ఎత్తితే లేచిపోయిన మనిషి. తిమోతి అని చెప్పాను. ఆమెకు నోరు తిరగలేదు. తిమ్మతి అంది, తిమ్మొద్ది అంది. ఎదురు సీటు ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఓదెలలో దిగేదాకా లోలోపల అనుకుంటూనే ఉంది.

తల ఇచ్చే చోట మంగలాయన ముందు ఒప్పుకోలేదు. ఇంత పెద్దమనిషివి, ఆయాసపడుతున్నావు, మూడు కత్తెర్లు ఇచ్చి పో అన్నాడు. అవ్వ వినలేదు. నీళ్లు పోసి తడుపుతుంటే వణికింది. తెల్లటి జుట్టు, ఎంతో లేదు. నేను వెనక నుంచి పట్టుకుని కూర్చున్నాను. కత్తి పెట్టేముందు చేతులు జోడించి గట్టిగానే అంది, పక్కవాళ్లంతా విన్నారు.

"మల్లన్నా, వాడు నీకు లింగమూర్తి, ఆడ ఆళ్లకు తిమోతి. ఇద్దరు ఒక్కడే, పొరపాటు పడకు. వాడు రాలేడు, వాని మీద కోపం జెయ్యకు. వాని బదులు నా తల తీస్కో. ఏ పేరు మీద ఉన్నా సరె, వాన్ని మల్ల తాగనియ్యకు."

నీ కొత్త పేరు తప్పు పోకుండా పలికింది.

పట్నం వేయించాం. ఒగ్గు పూజారి పాట పాడుతున్నంతసేపూ నా ఒళ్లో ఒరిగి ఉంది. తర్వాత సంగతి నీకు తెలుసు. బయటికి వచ్చి నిన్ను చూసి తడబడింది. నువ్వు కదలకుండా నిలబడ్డావు. గంధం పూసిన ఆమె తల చూసి నువ్వు ఏడ్చిన తీరు నేను మన నాయన పోయినప్పుడు కూడా చూడలేదు. ఆమె నీకు ప్రసాదం ఇవ్వలేదు, గమనించావా? నా చేతిలోని పొట్లం పక్కన పెట్టించి, బయట బండి దగ్గరికి పోయి పల్లీలు కొని తెచ్చింది. "ఇవి గుడివి కావు బిడ్డా, బండి మీదివి. తిను" అంది. నువ్వు తిన్నావు. ఇంటికి వచ్చి నాతో, "తిన్నడు" అంది.

ఇప్పుడు మంచం మీదే ఉంది. మొన్నటి నుంచి కాళ్ల వాపు ఎక్కువైంది. ప్రయాణం వల్ల అని డాక్టర్ తిట్టాడు. దిగులు మాత్రం లేదు, నిద్రపోతోంది. ఇది మంచో చెడో నాకు తెలియడం లేదు.

అక్క.


గోదావరిఖని,
ఫిబ్రవరి 17.

అవ్వా,

ఇది నీకు రాస్తున్నాను. అక్క చదివి వినిపిస్తుంది. అక్కా, తప్పులుంటే దిద్దకుండా చదువు.

నిన్న చర్చిలో సాక్ష్యం అడిగితే లేచాను. అదే మైకు. పోయిన వేసవిలో మా అవ్వ రాళ్లకు మొక్కిందని చెప్పాను, అది తప్పు మాట అని చెప్పాను. మా అవ్వ నా కోసం మొక్కింది, నా తల ఇవ్వాల్సిన చోట గుండె జబ్బుతో పోయి తన తల ఇచ్చింది, అని చెప్పాను. చప్పట్లు లేవు. పాస్టరు గారు తల దించుకుని పాట ఎత్తారు. ఆయన కోపం చేశారో, బాధపడ్డారో నేను అడగలేదు. ఎవరైనా ఫోన్‌లో తీసి ఉంటే సారక్కకు వస్తుంది, చూడు.

నేను ఓదెల గుడిలోకి రాలేను అవ్వా. ఈసారి కూడా లోపలికి రాలేకపోయాను. కమాను దగ్గర నిలబడి నా ప్రభువుకే ప్రార్థన చేశాను, నీకు ఏమీ కాకూడదని. లోపల నువ్వు నా కోసం అడుగుతున్నావు, బయట నేను నీ కోసం అడుగుతున్నాను. ఇద్దరిలో ఎవరికి ఎవరు పలుకుతారో నాకు తెలియదు. నిన్ను ఆపలేకపోయాను, నీ బదులు నేను చేయలేకపోయాను. కొడుకుగా ఎందుకూ పనికిరాలేదు.

రాజకుమారికి వైన్స్ సంగతి చెప్పాను. ఇక నువ్వూ విను, దాచను. దసరాకు ముందు సీసా పట్టుకున్నాను, తాగలేదు. మళ్లీ పట్టుకోనని నీకు మాట ఇవ్వలేను. ఇవ్వాలని ఉంది, కానీ ఆ మాట నిలబెట్టేది నేను కాదని తెలిసిపోయింది. అంత గట్టివాడినైతే నీకు మొక్కే అవసరం వచ్చేది కాదు.

నిన్న రెండో షిఫ్టు దిగి వస్తుంటే శివ మళ్లీ పిలిచాడు. వైన్స్ ముందు లైటు కింద జనం ఉన్నారు. ఎప్పటిలాగే ప్రభువా అనుకున్నాను. దాని వెంట నీ గుండు కళ్ల ముందుకు వచ్చింది, గంధం ఆరిపోయి పగుళ్లు కట్టిన గుండు. ఆ రెండింటిలో ఏది నా కాలు కదిలించిందో నాకు తెలియదు. నిన్న దాటాను అవ్వా. ఇవాళ కూడా రెండో షిఫ్టే.

నీ కొడుకు,
లింగమూర్తి.